ప్రాణానికి ధర, దొంగతనానికి ఉరి: ఆంగ్లో-శాక్సన్ల న్యాయం ఎలా నడిచేది?

పదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఒక రైతు పట్టపగలు, నలుగురూ చూస్తుండగా గొడవపడి పక్క ఊరివాణ్ణి చంపాడనుకుందాం. చంపింది తానేనని ఒప్పుకుని, హతుడి కుటుంబానికి చట్టం చెప్పిన సొమ్ము చెల్లిస్తే అతను ప్రాణాలతో బయటపడగలడు. అదే రైతు రాత్రిపూట ఎవరి కొట్టంలోంచో ఎద్దును తోలుకుపోతూ దొరికితే మాత్రం ఉరికంబమే గతి.

మనకిది తలకిందుల లెక్కలా కనిపిస్తుంది. మనిషి ప్రాణం కన్నా ఎద్దు ఎక్కువా? దీన్నిబట్టి చాలామంది ఆంగ్లో-శాక్సన్లది, అంటే 1066కు ముందు ఇంగ్లండ్‌ను ఏలిన ఈ జనానిది, మోటు న్యాయమని తేల్చేస్తారు. నాకైతే ఆ తీర్పు తొందరపాటుగా అనిపిస్తుంది. ఆ లెక్క వెనక గట్టి ఆలోచన ఉంది. దాన్ని పట్టుకుంటే ఇంకో విషయం కూడా బయటపడుతుంది. కాలం గడిచేకొద్దీ చట్టం మెత్తబడుతుందని మనం అనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు. మొదటి చట్టాల్లో జరిమానాలు ఎక్కువ. రాజుల బలం పెరిగేకొద్దీ కత్తి, కొరడా, ఉరితాడు ముందుకొచ్చాయి.

మొదటి నుంచీ చూద్దాం. ఇంగ్లండ్‌లో మనకు దొరికిన మొట్టమొదటి చట్టం ఆగ్నేయ మూలనున్న కెంట్ రాజ్యపు రాజు ఎథెల్బెర్ట్‌ది. క్రీ.శ. 600 ప్రాంతంలో రాయించాడు. అప్పటికి రోమ్ నుంచి క్రైస్తవ మతప్రచారకులు వచ్చి కొద్ది ఏళ్ళే అయింది. చట్టాన్ని పుస్తకంలో రాసి పెట్టే పద్ధతి వాళ్ళతోనే వచ్చింది. విశేషం ఏమిటంటే చట్టాన్ని లాటిన్‌లో కాకుండా జనం మాట్లాడుకునే ఇంగ్లీషులోనే రాశారు. 1120ల్లో రోచెస్టర్‌లో చేసిన ప్రతి ఒక్కటే మిగలడం వల్ల అది మన దాకా వచ్చింది.

ఆ చట్టంలో ఎక్కువ భాగం ధరల పట్టిక. బొటనవేలు తెగితే 20 షిల్లింగులు, బొటనవేలి గోరు ఊడితే 3. చిటికెన వేలికి 11. కన్ను పోతే 50, కాలి పాదం పోతే 50, చెవి తెగితే 12. ముందు నాలుగు పళ్ళలో ఏది ఊడినా 6 షిల్లింగులు, ఆ పక్క పన్నుకు 4, దాని పక్కదానికి 3, ఇక మిగతావాటికి తలా ఒకటి. కమిలిన దెబ్బ బట్టల బయటకి కనిపిస్తే ఒక ధర, బట్టల లోపల ఉంటే కొంచెం తక్కువ. నలుగురికీ కనబడే దెబ్బ వల్ల పరువు కూడా పోతుంది కదా, దానికీ లెక్క కట్టారన్నమాట.

ఈ పట్టిక చూసి నవ్వుకునేముందు మన దేశంలో 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం తెరిచి చూడాలి. ఏ వేలు పోతే సంపాదన శక్తి ఎంత శాతం పోయినట్టో అందులోనూ వేలు వేలుకీ రాసి ఉంది. గాయానికి ముందే ఒక రేటు కట్టి ఉంచితే, ఆ తర్వాత కొట్టుకోవాల్సిన పని తగ్గుతుంది.

ఎథెల్బెర్ట్ చట్టం ఉద్దేశం కూడా ఇదే. అప్పుడు పోలీసులు లేరు. జైళ్ళు లేవు. నేరం జరిగితే పట్టించుకోవాల్సింది బాధితుడి బంధువర్గమే. ఒక మనిషిని చంపితే అతని అన్నదమ్ములు, బాబాయిలు, మేనమామలు కలిసి హంతకుడి మీదనో, వాడి బంధువుల మీదనో పగ తీర్చుకుంటారు. అది వాళ్ళ హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడా. అటువాళ్ళు మళ్ళీ ఇటువాళ్ళను చంపుతారు. ఈ గొలుసు తెగాలంటే ఇద్దరికీ పరువు పోకుండా ఆగే దారి ఒకటి కావాలి. ఆ దారి పేరు వేర్‌గిల్డ్, అంటే మనిషి ప్రాణానికి కట్టే ధర. కెంట్‌లో మామూలు స్వతంత్రుడి ప్రాణం ధర 100 షిల్లింగులు. హతుడి సమాధి ఇంకా పూడ్చకముందే 20 షిల్లింగులు ఇవ్వాలి, మొత్తం 40 రోజుల్లో తీర్చాలి. హంతకుడు దేశం వదిలి పారిపోతే వాడి బంధువులు సగం కట్టాలి. వసూలు చేసే బంధువర్గం ఉన్నట్టే, చెల్లించే బంధువర్గం కూడా ఉంది. అందుకని మన ఇంట్లో కోపిష్టివాణ్ణి అదుపులో పెట్టుకోవడం అందరి పనీ అయ్యేది.

ప్రాణాలన్నీ ఒక్క ధరవి కావు. దక్షిణాన ఉన్న వెసెక్స్ రాజ్యంలో సామాన్య రైతుకు 200 షిల్లింగులు, థేన్ అనే భూస్వామి యోధుడికి 1200. ఆ ప్రాంతపు షిల్లింగు అంటే 5 పెన్నీలు. ఎథెల్‌స్టాన్ రాజు కాలంలో లండన్‌లో ఎద్దుకు కట్టిన ధర 30 పెన్నీలు. ఆ లెక్కన రైతు ప్రాణం సుమారు 33 ఎద్దులు, థేన్ ప్రాణం 200 ఎద్దులు. ఒక పల్లెటూరి కుటుంబం 33 ఎద్దుల సొమ్ము ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి తెస్తుంది? చుట్టాలందరూ తలో చెయ్యి వేస్తేనే తీరే అప్పు అది. డబ్బు పారేసి తప్పించుకోవడం అన్నంత తేలిక వ్యవహారం కాదు.

రాజులు పగను ఒక్కసారిగా నిషేధించలేదు, నిషేధించే శక్తి వాళ్ళకు లేదు. దానికి కంచె కట్టుకుంటూ వచ్చారు. 9వ శతాబ్దం చివర్లో ఆల్ఫ్రెడ్ రాజు చేసిన చట్టం ప్రకారం, శత్రువు ఇంట్లోనే ఉన్నాడని తెలిస్తే ముందు న్యాయం అడగాలి, అడగకుండా మీద పడకూడదు. బలం ఉంటే ఏడు రోజుల పాటు ఇంటిని ముట్టడించి కూర్చోవచ్చు, అప్పుడు కూడా వాడు బయటికి రాకపోతే దాడి చెయ్యకూడదు. ఆయుధాలు అప్పగించి లొంగిపోతే 30 రోజులు ఏ హానీ చెయ్యకుండా ఉంచి వాడి చుట్టాలకు కబురు పంపాలి. కోపం చల్లారడానికి ఇంత గడువు ఇచ్చిన చట్టం నాకు మోటుగా అనిపించదు. 940ల్లో ఎడ్మండ్ రాజు ఇంకో అడుగు వేశాడు. పగ హంతకుడొక్కడికే అంటుకోవాలన్నాడు. బంధువులు వాణ్ణి వదిలేసి, తిండి గానీ ఆశ్రయం గానీ ఇవ్వకపోతే వాళ్ళ జోలికి ఎవరూ రాకూడదు.

ఇప్పుడు ఎద్దు దగ్గరికి వద్దాం. హత్యకు లేని ఉరి దొంగతనానికి ఎందుకు?

నా ఉద్దేశంలో దీనికి జవాబు ఆస్తి విలువలో లేదు, చాటుమాటు వ్యవహారంలో ఉంది. నలుగురిలో జరిగిన హత్యకు హంతకుడు ఎవరో తెలుసు, ఎవర్ని అడగాలో తెలుసు, కాబట్టి బేరం కుదురుతుంది. దొంగ ఎవరో తెలియదు. ఊరంతా ఒకరినొకరు అనుమానించుకుంటారు. పరిహారం మీద నడిచే న్యాయానికి ఎదుటి మనిషి కనబడాలి, దొంగ ఆ మొదటి షరతే తప్పుతాడు. అందుకే హత్యను కూడా రెండు రకాలుగా చూశారు. బాహాటంగా చంపితే పరిహారం. చాటుగా చంపి శవాన్ని దాస్తే మాత్రం పరిహారంతో తీరని నేరం.

ఈ ఆలోచన ఎంత లోతుగా పాతుకుందో చెప్పడానికి వెసెక్స్ రాజు ఇనె 690 ప్రాంతంలో చేసిన చట్టంలో చక్కటి సాక్ష్యం ఉంది. ఇతరుల అడవిలో చెట్టును కాల్చేస్తే 60 షిల్లింగుల పూర్తి జరిమానా. గొడ్డలితో నరికితే చెట్టుకు 30 చొప్పున, మూడు చెట్ల దాకానే, ఆపైన ఎన్ని నరికినా అంతే. కారణం కూడా చట్టమే చెబుతుంది: నిప్పు దొంగ, గొడ్డలి అలా కాదు, అది చప్పుడు చేసి తన్ను తాను పట్టిస్తుంది. దారి తప్పి అడవిలో నడిచే కొత్త మనిషి కేక వెయ్యకపోయినా, కొమ్ముబూర ఊదకపోయినా దొంగ కిందే లెక్క అని అదే చట్టం అంటుంది. చప్పుడు చేసేవాడు నిజాయితీపరుడు, చప్పుడు లేకుండా తిరిగేవాడు అనుమానితుడు.

పోలీసులు లేని చోట దొంగను పట్టేది ఎవరు? ఊరే పట్టాలి. పశువు పోతే కేకలు వేస్తారు, విన్నవాళ్ళందరూ గిట్టల జాడ పట్టుకుని బయల్దేరాలి. పదో శతాబ్దం నాటికి దేశాన్ని హండ్రెడ్ అనే చిన్న భాగాలుగా విడగొట్టారు. ప్రతి హండ్రెడ్ సభా నాలుగు వారాలకొకసారి ఆరుబయట కూడేది. దానిపైన షైర్ (జిల్లా వంటిది) సభ, ఏడాదికి రెండుసార్లు. పన్నెండేళ్ళు దాటిన ప్రతి స్వతంత్రుడూ పూచీదార్ల గుంపు ఒకదానిలో ఉండాలని 11వ శతాబ్దపు రాజు కాన్యూట్ చట్టం చెప్పింది. సంతలో పశువును కొంటే సాక్షుల ముందే కొనాలి, రేపు ఇది నాది అని ఎవరైనా అడిగితే చూపించడానికి.

ఇక రుజువు సంగతి. నిందితుడు ముందు ప్రమాణం చెయ్యాలి. అతని మాట నమ్మదగిందని ప్రమాణం చేసే తోడు మనుషుల్ని తెచ్చుకోవాలి. వాళ్ళు సంఘటన చూసినవాళ్ళు కానక్కర్లేదు. వీడి మాట శుద్ధమైంది అని దేవుడి పేరు మీద చెప్తే చాలు. ఇరుగుపొరుగు ఏళ్ళ తరబడి చూసిన మనిషి కాబట్టి ఇది అంత గుడ్డి పద్ధతేమీ కాదు. అబద్ధప్రమాణం చేస్తే నరకం ఖాయమని నమ్మే రోజులవి. కానీ ఇక్కడ కూడా అంతస్తు వచ్చి కూర్చుంది. ఒక థేన్ ప్రమాణం ఆరుగురు రైతుల ప్రమాణాలతో సమానం. కలిగినవాడికి ఒక్క స్నేహితుడు చాలిన చోట పేదవాడు ఊరు ఊరంతా తిరిగి మనుషుల్ని పోగు చేసుకోవాలి.

తోడు మనుషులు దొరకనివాడు, పాత నేరస్థుడు, ప్రమాణం తప్పినవాడు దైవపరీక్షకు వెళ్ళాలి. మన ధర్మశాస్త్రాల్లో దివ్యాలు అని చెప్పేవాటి వంటిదే ఇది. మూడు రోజులు రొట్టె, ఉప్పు, నీళ్ళు, ఆకుకూరలతో గడపాలి. చర్చిలో పూజారి నిప్పు రాజేస్తాడు. వాదీ ప్రతివాదుల తరఫున సమాన సంఖ్యలో మనుషులు ఇటూ అటూ నిలబడతారు, అందరూ ఉపవాసంతో. కాల్చిన ఇనుమును చేతిలో పట్టుకుని తన పాదాలతో కొలిచిన తొమ్మిది అడుగులు నడవాలి. ఇనుము బరువు మామూలు ఆరోపణకు ఒక పౌను, తీవ్రమైనదానికి మూడు. లేదా మరిగే నీళ్ళలోంచి రాయి తియ్యాలి, మామూలుకి మణికట్టు దాకా, తీవ్రమైనదానికి మోచేతి దాకా. చేతికి కట్టు కట్టి ముద్ర వేసి మూడో రోజున విప్పి చూస్తారు. పుండు చీము పట్టకపోతే నిర్దోషి. చల్లటి నీళ్ళ పరీక్షలో మునిగినవాడు నిర్దోషి, తేలినవాణ్ణి నీరు ఒప్పుకోలేదని అర్థం.

చట్టం ఇలా ఉంది సరే, నిజంగా నడిచింది ఎలా? దీనికి జవాబిచ్చే అపురూపమైన ఉత్తరం ఒకటి కాంటర్‌బరీలో మిగిలింది. ఆల్ఫ్రెడ్ కొడుకు ఎడ్వర్డ్ రాజుకు ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం, ఆయన ఆర్డ్‌లాఫ్ అనే ప్రాంతాధికారి అని పండితులు ఎక్కువగా నమ్ముతారు. విషయం హెల్మ్‌స్టాన్ అనే థేన్ గురించి. ఉత్తరం రాసినాయన అతనికి జ్ఞానతండ్రి, అంటే చర్చి సంస్కారంలో పూచీగా నిలబడిన పెద్ద.

హెల్మ్‌స్టాన్ ఎవరిదో నడికట్టు దొంగిలించాడు. ఆ కబురు పొక్కగానే ఎథెల్‌హెల్మ్ హిగా అనే మనిషి, ఇంకొందరు, విల్ట్‌షైర్‌లో హెల్మ్‌స్టాన్ చేతిలో ఉన్న ఫాంట్‌హిల్ భూమి నాదంటే నాదని దావా వేశారు. దొంగ అనిపించుకున్నవాడి ప్రమాణానికి విలువ ఉండదు, భూమి లాక్కోవడానికి ఇదే అదను. హెల్మ్‌స్టాన్ జ్ఞానతండ్రిని ఆశ్రయించాడు. ఆయన ఆల్ఫ్రెడ్‌తో మాట్లాడాడు. పత్రాలు చదివారు, మధ్యవర్తులు హెల్మ్‌స్టాన్‌కు ప్రమాణం చేసే అవకాశం ఇవ్వాలన్నారు. హిగా ఒప్పుకోలేదు. అందరూ వార్డర్‌లో రాజుగారి గదిలోకి వెళ్ళారు. ఆల్ఫ్రెడ్ అప్పుడు చేతులు కడుక్కుంటున్నాడు. కడుక్కోవడం అయ్యాక, ఈ తీర్పులో నీకు ఏం అన్యాయం కనిపించింది అని హిగాను అడిగాడు. చట్టాల్లో ఎక్కడా దొరకని చిత్రం ఇది: రాజు, నీళ్ళ పాత్ర, గది నిండా వాదించుకునే మనుషులు.

ప్రమాణం జరిగింది, హెల్మ్‌స్టాన్ గెలిచాడు. ఊరికే కాదు. సాయం చేసినందుకు భూమి హక్కు జ్ఞానతండ్రికి రాసిచ్చాడు, మంచిగా నడుచుకుంటే బతికినంత కాలం అనుభవించేలా. ఒకటి రెండేళ్ళకే ఫాంట్‌హిల్‌లో కాపలా లేని ఎద్దుల్ని దొంగిలించి క్రిక్‌లేడ్‌కు తోలుకుపోయాడు. జాడ పట్టి ఎద్దుల్ని పట్టుకున్నారు. పారిపోతుంటే ముళ్ళపొద మొహాన్ని గీరింది. నేను కాదని బుకాయించినప్పుడు ఆ గీతే సాక్ష్యం అయింది. అతని ఆస్తిని రాజు మనిషి జప్తు చేశాడు, అతను చట్టం కాపాడని బహిష్కృతుడయ్యాడు.

ఇంత చేసినవాడికి ఉరి పడాలి కదా? పడలేదు. హెల్మ్‌స్టాన్ అప్పటికి చనిపోయిన ఆల్ఫ్రెడ్ సమాధి దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఒక ముద్ర తెచ్చుకున్నాడు, బహుశా అక్కడ ప్రమాణం చేసినట్టు గుర్తుగా. చిప్పెన్‌హామ్‌లో ఉన్న ఎడ్వర్డ్‌కు చూపించారు. రాజు బహిష్కారం ఎత్తేసి, తలదాచుకోవడానికి భూమి కూడా ఇచ్చాడు. భూమి గొడవ మళ్ళీ లేస్తుందేమోనన్న ఆందోళనతో ఆ పెద్దమనిషి రాజును అడుగుతాడు: డబ్బుతోనో ప్రమాణంతోనో తెగకపోతే ఏ దావా ఎప్పటికి తెగుతుంది ప్రభూ? రెండుసార్లు దొంగతనం చేసిన థేన్ బతికి బట్టకట్టాడు, పైన పట్టించుకునేవాడు ఉన్నాడు కాబట్టి.

అలాంటివాడు లేనివాళ్ళ సంగతి చూడండి. 920, 930ల్లో ఎథెల్‌స్టాన్ దొంగల మీద యుద్ధం ప్రకటించినంత పని చేశాడు. పన్నెండేళ్ళు దాటి, 8 పెన్నీలకు మించిన సొత్తుతో దొరికిన దొంగను వదలొద్దన్నాడు. ఎద్దు ధరలో మూడో వంతు కూడా కాదది. కొన్నేళ్ళకు ఆ రాజుకే మనసు ఒప్పలేదు. ఇంత చిన్నవాళ్ళను, ఇంత చిన్న తప్పుకు అన్ని చోట్లా చంపుతున్నారని విన్నాను, ఇది మరీ క్రూరంగా తోస్తోందని బిషప్ థియోడ్రెడ్ ద్వారా ఆర్చిబిషప్‌కు కబురు పంపాడు. వయసు 15కి, సొత్తు 12 పెన్నీలకు పెంచారు. ఎదురు తిరిగినా పారిపోయినా ఈ దయ వర్తించదు. చట్టం రాసిన మనిషి తన చట్టం ఏం చేస్తోందో చూసి చలించడం ఆ కాలపు రాతల్లో అరుదు, అందుకే ఈ వాక్యం నాకు చాలా విలువైనది.

అదే రాజు పేరు మీద ఇంకో నియమం ఉంది. బానిస దొంగిలిస్తే 80 మంది తోటి బానిసలు రాళ్ళతో కొట్టి చంపాలి. ఆడబానిస అయితే 80 మంది ఆడబానిసలు తలా మూడు కట్టెలు తెచ్చి కాల్చెయ్యాలి. శిక్ష వేసే పనిని కూడా ఆ నిస్సహాయుల చేతే చేయించారు. బానిసకు వేర్‌గిల్డ్ లేదు. చంపితే యజమానికి నష్టం కడతారు, అంతే. ఆల్ఫ్రెడ్ చట్టంలో రైతు ఇంటి ఆడబానిసను చెరిస్తే 5 షిల్లింగుల పరిహారం ఆ రైతుకు వెళ్తుంది, జరిమానా 60 షిల్లింగులు. బాధపడిన ఆమెకు ఏమీ లేదు. పరిహార న్యాయాన్ని మెచ్చుకునేవాళ్ళం ఈ వాక్యం దగ్గర ఆగి తీరాలి. ఆ న్యాయం బంధువర్గం ఉన్నవాళ్ళ కోసం. జరిమానా కట్టలేనివాళ్ళు బానిసలుగా మారేవాళ్ళు. ఇంట్లోవాళ్ళకు తెలిసే దొంగతనం జరిగితే కుటుంబం మొత్తం బానిసత్వంలోకి పోవాలని, పదేళ్ళ పిల్లవాణ్ణి కూడా నేరంలో భాగస్వామిగా లెక్కించవచ్చని ఇనె చట్టం చెప్పింది. మూడు శతాబ్దాల తర్వాత కాన్యూట్ దీన్ని సరిదిద్దాడు. మొగుడు దొంగసొత్తు ఇంటికి తెస్తే, ఆమె తాళంచెవుల కింద ఉండే గదిలోనో పెట్టెలోనో దొరికితే తప్ప భార్య దోషి కాదన్నాడు. ఇంకా అన్నం ముట్టని ఉయ్యాల్లో పాపను కూడా దోషిగా లెక్కగట్టిన అత్యాశపరులు ఉండేవాళ్ళనీ, ఇకమీదట అలా కుదరదనీ ఆ చట్టంలోనే ఉంది.

కానీ 1020 ప్రాంతపు ఈ కాన్యూట్ చట్టంలోనే అతి భయంకరమైన శిక్షలు కూడా ఉన్నాయి. రాసింది యార్క్ ఆర్చిబిషప్ వుల్ఫ్‌స్టాన్. చిన్న తప్పులకు క్రైస్తవుణ్ణి చంపొద్దు, అది దేవుడి సృష్టిని పాడుచెయ్యడమే అని ఆయన వాదన. మరి ఏం చెయ్యాలి? పదేపదే నేరం చేస్తే చేతులో కాళ్ళో నరకాలి. ఇంకా పెద్దదైతే కళ్ళు తియ్యాలి, ముక్కు, చెవులు, పై పెదవి కొయ్యాలి. అలా శిక్షా పడుతుంది, పశ్చాత్తాపానికి సమయం మిగిలి ఆత్మా దక్కుతుంది. వ్యభిచారం చేసిన భార్యకు ముక్కూ చెవులూ కొయ్యాలి. మగవాడికి ఆ శిక్ష రాయలేదు. దయ పేరుతో వచ్చిన ఈ క్రూరత్వాన్ని దయగా చూడటం నా వల్ల కాదు.

బేసింగ్‌స్టోక్ దగ్గర ఓక్‌రిడ్జ్‌లో 1960ల్లో ఒక పుర్రె దొరికింది. 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం అది 15 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిది. ముక్కూ పెదవులూ కోసిన గుర్తులు ఎముక మీదే ఉన్నాయి, మానిన జాడ లేదు. కాలం 776కీ 899కీ మధ్య. అంటే చట్టం కాగితం మీదకి ఎక్కడానికి వందేళ్ళకు పైగా ముందే ఎవరో ఇది చేశారు. ఆమె నేరం ఏమిటో, అసలు నేరం ఉందో లేదో తెలిపే ఆధారం ఏదీ లేదు. యార్క్‌షైర్‌లోని వాకింగ్టన్ వోల్డ్‌లో తలలు లేని మొండాలు, కింది దవడలు లేని పుర్రెలు దొరికాయి, తలల్ని కొయ్యలకు గుచ్చి ఉంచారనడానికి ఇదో సూచన. ఇలాంటి శ్మశానాలు ఎక్కువగా హండ్రెడ్ల సరిహద్దుల్లో, పాత సమాధి దిబ్బల పక్కన ఉంటాయి. చర్చి నేలలో చోటు దక్కకపోవడం శిక్షలో చివరి భాగం.

ఇదంతా రాజుకు ఎలా కలిసొచ్చింది? మొదట్లో నేరం రెండు కుటుంబాల మధ్య గొడవ, రాజు మధ్యవర్తి. ఆల్ఫ్రెడ్ కాలం నుంచి రాజుకు నమ్మకంగా ఉంటామని ప్రమాణం చెయ్యడం మీద ఒత్తిడి పెరిగింది. చేసిన ప్రతిజ్ఞ నిలుపుకోనివాడు రాజుగారి ఊళ్ళో 40 రోజులు ఖైదులో ఉండాలని ఆయన రాశాడు. ఇంగ్లీషు చట్టంలో జైలు మొదటిసారి కనిపించేది అక్కడే. రాజద్రోహానికి ప్రాణమూ ఆస్తీ పోతాయి. తర్వాతి రాజుల దృష్టిలో దొంగ కూడా ఆ ప్రమాణం తప్పినవాడే, కాబట్టి దొంగతనం రాజు మీద నేరమైంది. దాంతో జప్తు అయిన ఆస్తి రాజు ఖజానాకు దారి పట్టింది.

1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చి ఈ యంత్రాన్ని పగలగొట్టలేదు, నడుపుకున్నారు. 997లో ఎథెల్రెడ్ రాజు వాంటేజ్‌లో చేసిన చట్టం పన్నెండు మంది థేన్లు అమాయకుణ్ణి నిందించం, దోషిని దాచం అని ప్రమాణం చెయ్యాలంది. 1166లో రెండో హెన్రీ రాజు కూడా ఒక శాసనం చేసి, హండ్రెడ్‌కు పన్నెండు మంది చొప్పున ప్రమాణం చేయించి, హంతకుల్నీ దొంగల్నీ పేర్లతో చెప్పించాడు. నీటి పరీక్షలో ఓడినవాడి పాదం నరికేవారు. వాడి సొత్తు రాజుది. సమాధి పూడ్చకముందు అందాల్సిన 20 షిల్లింగుల వంటిదేదీ ఆ శాసనంలో హతుడి కుటుంబానికి లేదు.